ఇరువది షిల్లింగుల వ్యాజ్యము: జాన్ హాంప్డెన్ చరిత్ర

తుమ్మెద పువ్వునకు నొప్పి కలుగకుండ తేనెను గ్రహించునట్లు రాజు ప్రజలనుండి పన్ను గ్రహింపవలెనని శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు ఉపదేశించెను. పన్ను ఎంత తీయవచ్చునను ప్రశ్నకు అది సమాధానము. ఎవరి సమ్మతితో తీయవలెనను ప్రశ్న మరియొకటి కలదు. ఈ రెండవ ప్రశ్నను 17వ శతాబ్దమున ఇంగ్లండు దేశపు న్యాయస్థానము ముందు నిలిపిన భూస్వామి జాన్ హాంప్డెన్. ఆ వ్యాజ్యమునకు మూలమైన సొమ్ము 20 షిల్లింగులు, అనగా ఒక్క పౌను మాత్రమే.

బకింగ్‌హాంషైరు మండలమున గ్రేట్ హాంప్డెన్ అను గ్రామము కలదు. హాంప్డెనులు అచ్చట తరతరములుగా భూములు గలవారు. జాన్ 1594 ప్రాంతమున జన్మించెను. తండ్రి విలియం 1597లో మరణించుటచే పసితనముననే విశేషమైన ఆస్తికి వారసుడయ్యెను. తల్లి ఎలిజబెత్తు ఆలివర్ క్రాంవెల్‌కు మేనత్త. ఆక్సుఫర్డులో చదివి, లండనులో న్యాయశాస్త్రమభ్యసించి, 1621లో హాంప్డెన్ పార్లమెంటు సభ్యుడయ్యెను.

1625లో మొదటి చార్లెసు రాజయ్యెను. పార్లమెంటు కోరినంత ధనము నీయకపోవుటచే రాజు భూస్వాములను నిర్బంధించి అప్పు పేరిట సొమ్ము వసూలు చేయించెను. హాంప్డెన్ ఈయ నిరాకరించి 1627లో బంధితుడై, మరుసటి సంవత్సరమున విడుదల పొందెను. ఆ 1628లోనే, పార్లమెంటు సమ్మతి లేక పన్నులు విధింపరాదను హక్కుల విజ్ఞాపనమునకు రాజు అంగీకరించెను. కాని 1629లో పార్లమెంటును రద్దుచేసి 11 సంవత్సరములు దానిని పిలువకయే పాలించెను. హాంప్డెన్ మిత్రుడు జాన్ ఎలియట్ 1632లో కారాగారముననే కన్నుమూసెను. ఆతడు బంధితుడై యున్న కాలమున ఆతని కుమారుల బాగోగులను హాంప్డెన్ విచారించుచుండెను.

పార్లమెంటు లేదు గాని ఖర్చు ఆగలేదు. యుద్ధసమయమున సముద్రతీరపు పట్టణములు రాజునకు ఓడల నొసగుట పూర్వాచారము. దీనిని ఆధారము చేసికొని రాజు 1634లో తీరప్రాంతములకును, 1635లో దేశమంతటికిని ఓడల పన్ను విధించెను. సముద్రపు గాలి సోకని బకింగ్‌హాంషైరు 180 మంది నావికులతో 450 టన్నుల ఓడను సిద్ధపరుపవలెనని ఆజ్ఞ వచ్చెను. దాని వెల 4,500 పౌనులుగా నిర్ణయింపబడెను. ఆ మొత్తము గ్రామములకును, గ్రామములనుండి పట్టాదారులకును పంచబడెను.

గ్రేట్ కింబిల్ గ్రామమున పన్ను చెల్లింపనివారి పట్టిక 1636 జనవరిలో తయారయ్యెను. అందు మొదటి పేరు హాంప్డెన్‌ది. దానికెదురుగా 31 షిల్లింగుల 6 పెన్నీలు. విచిత్రమేమనగా, పన్ను కట్టి వసూలు చేయవలసిన గ్రామోద్యోగుల పేర్లును ఆ పట్టికలోనే కలవు! స్టోక్ మాండెవిల్ గ్రామములోని భూములపై హాంప్డెన్‌కు పడిన 20 షిల్లింగుల పద్దును రాజపక్షమువారు వ్యాజ్యమునకు ఎన్నుకొనిరి. ఆ సొమ్ము ఆతనికి లెక్కలోనిది కాదు. నేడు 20 షిల్లింగులు అడుగకయే తీసికొనినవాడు రేపు సర్వస్వమును అడుగకయే తీసికొనగలడని హాంప్డెన్ పక్షమువారి భయము.

1637 నవంబరులో 12 మంది న్యాయాధిపతుల ఎదుట విచారణ ఆరంభమయ్యెను. రాజ్యమునకు ఆపద కలిగినదో లేదో నిర్ణయించువాడు రాజొక్కడేయని రాజపక్షపు న్యాయవాదులు వాదించిరి. హాంప్డెన్ పక్షమున ఆలివర్ సెయింట్ జాన్ లేచి, ఓడలను సిద్ధపరుచుటకు రాజే 7 నెలల గడువిచ్చెను గదా, పార్లమెంటును పిలుచుటకు ఆ గడువు చాలదాయని ప్రశ్నించెను. 1638లో ఏడుగురు రాజపక్షమునను, ఐదుగురు హాంప్డెన్ పక్షమునను తీర్పు చెప్పిరి. హాంప్డెన్ ఓడెను. కాని రాజు నియమించిన న్యాయాధిపతులలోనే ఐదుగురు ఆయన మాటను కాదనిరను వార్త దేశమంతట వ్యాపించెను. అంతకుముందు దాదాపు పూర్తిగా వసూలైన పన్ను క్రమముగా పడిపోయెను. స్కాట్లండుతో యుద్ధము వచ్చి, ధనము లేక, 1640లో రాజు పార్లమెంటును పిలువక తప్పలేదు. ఓడల పన్నును, ఆ తీర్పును గూడ 1641లో ఆ పార్లమెంటు కొట్టివేసెను.

1642 జనవరి 4వ తేదీన హాంప్డెన్ మొదలగు ఐదుగురు సభ్యులను బంధించుటకు రాజే సాయుధులతో సభకు వచ్చెను. వారు ముందుగనే తప్పించుకొని యుండిరి. ఆ సంవత్సరమే అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. హాంప్డెన్ స్వయముగా ఒక పదాతిదళమును సమకూర్చెను. 1643 జూన్ 18వ తేదీన చాల్‌గ్రోవ్ పొలములలో భుజమునకు గాయపడి, 24వ తేదీన థేము పట్టణమున మరణించెను. గాయము శత్రువుల గుండు వలన కలిగినదా, తన పిస్తోలు పగులుట వలన కలిగినదా యను వివాదము చరిత్రకారులలో కలదు. ఆతనిని స్వగ్రామపు చర్చిలో ఖననము చేసిరి.

హాంప్డెన్‌ను నిరుపేదల నాయకుడనుట సత్యము కాదు. ఆనాడు మండలమున ఓటు హక్కు ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయము గల స్వంత భూమి కలవారికే గాని కూలివానికి లేదు. యుద్ధఖర్చులకై పార్లమెంటు విధించిన పన్నులు ఓడల పన్నును మించినవి. అయినను ఆతడు లేవదీసిన ప్రశ్న ఆతనితో నశింపలేదు. పార్లమెంటు అనుమతి లేక రాజు పన్ను తీయరాదని 1689లో ఇంగ్లండున శాసనమయ్యెను. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 265వ అధికరణమున, శాసనము యొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదని నిర్దేశించుచున్నది.

బకాయిదారులను పై అధికారులకు తెలుపుటకై వ్రాసిన ఒక గ్రామపు పట్టిక అది. ఆ బకాయిదారుల పేర్లను ఇంగ్లండు చరిత్ర నేటికిని గౌరవముతో స్మరించుచున్నది.