గని కాగితములు

కమలాపురమునుండి యెర్రగుంట్ల వైపు పోవువారు నాపరాళ్ల గనులను చూచియే యుందురు. అక్కడ రాయి కొనువాడు బండను తట్టి, మోత విని, తరువాత బేరమాడును. గని సముద్రమునకు అవతల ఉండి, చేతికి కాగితమే వచ్చినయెడల అతడు దేనిని తట్టి చూడగలడు? కాగితముమీదనున్న పెద్దల పేళ్లనే చూచును. ఈ సంగతి బాగుగా ఎరిగినవాడు విటేకర్ రైట్.

ఇతడు 1846లో ఇంగ్లండులోని స్టాఫర్డు పట్టణమున మెథడిస్టు బోధకుని ఇంట పుట్టెను. తానును యౌవనమందు కొంతకాలము బోధించెను. తరువాత అమెరికాకు పోయి గనుల వ్యాపారములో ధనము కూర్చి, పోగొట్టుకొని, స్వదేశమునకు తిరిగి వచ్చెను. ఆ కాలమున పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారము బయలుపడుచున్నదని లండను జనులు వెఱ్ఱెత్తియుండిరి. రైట్ 1895లో లండన్ అండ్ గ్లోబ్ అను కంపెనీని స్థాపించి, 1897లో దానిని 20 లక్షల పౌండ్ల మూలధనమునకు పెంచెను. అధ్యక్షుడుగా ఎవరిని కూర్చుండబెట్టెనో వినుడి: 1884 మొదలు 1888 వరకు మన దేశమునకు వైస్రాయిగానున్న డఫరిన్ ప్రభువును! ఆ వృద్ధునికి గనుల వ్యవహారము తెలియదు. రైటుకు కావలసినది ఆయన పేరు మాత్రమే. వైస్రాయి ఉన్నచోట మోసముండునా అని సామాన్యులు కూడబెట్టిన సొమ్ము తెచ్చి ఇచ్చిరి. సంఘపెద్ద పేరు ముందుపెట్టి చీటీలు కట్టించువారిని మన పల్లెలును ఎరుగును. మంచి పేరు కూడ ఒకనికి అరువిచ్చు సొత్తేయని డఫరిన్ తలంచలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, అతని గనులన్నియు వట్టివి కావు. లేక్ వ్యూ గనిలో కొంతకాలము బంగారము మెండుగా దొరికెను. అది తరిగిపోగా, వాటాల ధర పడిపోకుండ నిలుపుటకు రైట్ కంపెనీల ధనమును గుమ్మరించెను. మన జొన్నగిరి పొలములలో తొలకరి వానల వెనుక వజ్రములు వెదకు బీదలు తమ దినకూలి పోగొట్టుకొందురేమో గాని, పొరుగువాని సొమ్మును పోగొట్టరు. ఇతడు పొరుగువారి సొమ్ముతోనే వెదకెను. లెక్క చూపు దినము సమీపించినప్పుడు ఒక కంపెనీ ధనమును మరియొక కంపెనీ ఖాతాలోనికి మార్చి, వాటాదారులకు నిండు పెట్టెను చూపెను. పొరుగింటి ఎద్దులను తన కొట్టములో కట్టి, పిల్లనిచ్చువారికి చూపినట్టే గదా! అననీయ సప్పీరాలు కొంత దాచుకొని ఇదే అంతయు అనిరి. ఇతడు లేనిదానిని ఉన్నదనెను.

1900 డిసెంబరు చివర కంపెనీ కూలెను. దానితోకూడ షేరు బజారులోని అనేక సంస్థలు దివాలా తీసెను. కుమారుని యుద్ధములో పోగొట్టుకొనియున్న డఫరిన్, తన సొమ్మును కూడ నష్టపోయి, కోపముతోనున్న వాటాదారుల ఎదుట నిలిచి మాటలాడెను. ఈ ఒక్క పనిలో ఆయనను మెచ్చుకొనవలెను. 1902లో ఆయన మరణించెను.

ప్రభుత్వము నేరము మోపనొల్లక పోగా, నష్టపడినవారే చందాలు వేసికొని వ్యాజ్యము నడిపిరి. రైట్ 1903లో పారిపోగా న్యూయార్కులో ఓడ దిగునప్పుడే పట్టుకొనిరి. అతనికి విరోధముగా వాదించిన రూఫస్ ఐజాక్స్, 1921లో రీడింగ్ ప్రభువను పేర మన దేశమునకు వైస్రాయిగా వచ్చెను. 1904 జనవరి 26న రైటుకు ఏడేండ్ల కఠినశిక్ష విధింపబడెను. తీర్పు వినిన కొద్దిసేపటికే, న్యాయస్థానపు గదిలోనే, దాచి తెచ్చుకొనిన విషముచేత అతడు చనిపోయెను.

సర్రే మండలములోని అతని మేడ 1952లో అగ్నిపాలాయెను. చెరువు అడుగున నీటిలో అతడు కట్టించుకొనిన అద్దపు గుమ్మటపు గది మాత్రము నేటికిని ఉన్నది.