పెరటి గోడ మీద పక్షిశాస్త్రం

ఫాల్గుణం చివరి రోజులు. ఇంకా చీకటి విడవకముందే వేపచెట్టు గుబురులోంచి ఒక గొంతు లేస్తుంది. మొదటి కూత మెత్తగా, తర్వాతది కొంచెం పైకి, ఆపైది ఇంకొంచెం పైకి. ఒక్కో మెట్టే ఎక్కుతూ ఏడెనిమిది కూతలకు కొసకు చేరి ఠక్కున ఆగిపోతుంది. వీధిలో ఎవరో పిల్లాడు దాన్ని వెక్కిరిస్తూ ఎదురు కూస్తాడు. అది రెచ్చిపోయి మళ్లీ మొదలెడుతుంది. ఉగాది దగ్గరపడిందని ఆ వీధికి వేరే పంచాంగం చెప్పక్కర్లేదు.

కోయిలమ్మ అని ముద్దుగా పిలుచుకుంటాం గానీ, అలా కూసేది అమ్మ కాదు, అయ్య. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉన్న మగపక్షిదే ఆ పాట. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్లటి పొడలతో ఉంటుంది. దానికి పాట లేదు. కొమ్మ మారేటప్పుడు ‘కిక్ కిక్ కిక్’మని గబగబా అరుస్తుంది, అంతే. చలికాలంలో కోయిల ఎక్కడికో వలస పోయిందనుకునే వాళ్లూ ఉన్నారు. చాలాచోట్ల అది పోయేదేమీ లేదు. మన చెట్ల మీదే నోరు మూసుకుని పండ్లు తింటూ గడిపేస్తుంది. కూత లేదు కాబట్టి కంటికీ ఆనదు.

వేసవి ముఖం పట్టగానే అది గొంతు విప్పడానికి కారణం కాకి. కాకులు గూళ్లు కట్టే కాలానికే, ఆ గూళ్లలో కోయిల తన గుడ్లు పెట్టే కాలమూ కుదురుకుంది. కాకి గుడ్ల కంటే కోయిల గుడ్డు కొద్ది రోజులు ముందే పొదుగుతుంది. ముందు పుట్టిన పిల్లకు ముందు తిండి. ఈ లెక్క కనిపెట్టడానికి మనవాళ్లకు దుర్భిణులు అవసరం కాలేదు. సంస్కృతంలో కోయిలకు ‘పరభృతం’ అని పేరు, అంటే పరుల చేత పెంచబడినది. కాకికి ‘పరభృత్తు’ అని పేరు, అంటే పరులను పెంచేది. ఒక్క అక్షరం తేడాలో రెండు పక్షుల బంధుత్వమంతా ఇమిడిపోయింది. కాళిదాసు శాకుంతలం ఐదో అంకంలో, శకుంతలను గుర్తుపట్టని దుష్యంతుడు ఆమెను దెప్పిపొడవడానికి ఎత్తుకునేది కూడా ఈ కోయిల పిల్లల సంగతే.

అంటే, అడవికి వెళ్లి కాదు, ఇంటి చుట్టూ చూసి నేర్చుకున్న పక్షిశాస్త్రం ఒకటి మనకు చాలాకాలంగా ఉంది. అది పుస్తకాల్లోకి ఎలా ఎక్కిందన్నదే ఈ కథ. అందులో తెలుగు ఊళ్ల పాలు తక్కువేమీ కాదు.

నెల్లూరు డాక్టరుగారి జాబితా

థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1811లో ఇంగ్లండులోని డరహం ప్రాంతంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీలో సహాయ సర్జన్‌గా చేరి 1836లో మద్రాసులో దిగాడు. సైనిక పటాలాల వెంట తిరిగి, తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్ అయ్యాడు. పగలు రోగుల నాడి చూడడం, తీరిక దొరికితే పిట్టల వెంట పడడం ఆయన పని. 1839, 40 సంవత్సరాల్లో దక్షిణ భారత పక్షుల పట్టికను మద్రాసు పత్రికలో ప్రకటించాడు. 1843 నుంచి 47 దాకా యాభై రంగుల పటాలతో ‘ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ ఆర్నిథాలజీ’ని మద్రాసు నుంచే వెలువరించాడు. 1862–64 మధ్య వచ్చిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’ వెయ్యికి పైగా పక్షుల వివరాలతో, ఒక తరం పాటు ఈ దేశంలో పిట్టలు చూసేవాళ్లందరికీ పెద్దబాలశిక్ష అయింది.

జెర్డన్‌ను మిగతా దొరల నుంచి వేరు చేసేది ఒక చిన్న అలవాటు. పక్షికి లాటిన్ పేరు రాసి ఊరుకోలేదు. ఈ ఊళ్లో దీన్నేమంటారని అడిగి, హిందీ, తమిళం, బెంగాలీ పేర్ల పక్కన తెలుగు పేరూ చేర్చాడు. నెల్లూరులో ఉండగా తూర్పు కనుమల అడవుల్లో బతికే వాళ్ల దగ్గర కూడా పక్షులు, జంతువుల కబుర్లు సేకరించే ప్రయత్నం చేశాడు.

ఆ పేర్లు ఇప్పుడు చదువుతుంటే ఒక పాత పెరడు కళ్లముందు నిలుస్తుంది. గోరింక, పాలపిట్ట, కొండెపిట్ట. ఇవాళ మనం బుల్‌బుల్ అంటున్నది ఆయన జాబితాలో పిగిలిపిట్ట. మామిడి కొమ్మల్లో పసుపు ముద్దలా తళుక్కున మెరిసి మాయమయ్యే పక్షి వంగపండు. తోక ఎత్తి తులసికోట చుట్టూ గెంతే చిన్న నల్ల పిట్ట నల్లంచి. దాని అన్నలాంటిది, నలుపు తెలుపు ఒంటితో తెల్లవారుజామున ఇంటి కప్పు మీద కూర్చుని ఈల వేసేది పెద్ద నల్లంచి. ఈ పెద్ద నల్లంచే బంగ్లాదేశ్‌కు జాతీయ పక్షి. కోయిలకైతే తెలుగువాళ్లు ఆడదానికీ మగదానికీ వేర్వేరు పేర్లు పెట్టారని జెర్డన్ గమనించాడు: మగది నల్లది, ఆడది పొడలది. రెంటి రంగుల్లో అంత తేడా ఉన్నా రెండూ ఒకే జాతివని పల్లె జనానికి అప్పటికే తెలుసన్నమాట.

అదే కాలంలో ఉత్తర సర్కారుల్లో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ మొక్కల విషయంలో ఇదే పని చేశాడు. అమరావతి శిల్పాల తవ్వకాలతో చరిత్ర పుస్తకాల్లో కనిపించే ఇలియట్ ఇతనే. తెలుగు మొక్కల పేర్లకు వృక్షశాస్త్ర నామాలు జతచేసిన ఇతని ‘ఫ్లోరా ఆంధ్రికా’ 1859లో మద్రాసులో అచ్చయింది. పిట్టకు జెర్డన్, ఆ పిట్ట వాలిన కొమ్మకు ఇలియట్.

నిఘంటువులో వాలిన పిట్టలు

ఈ పేర్లు మరో దారిలోనూ ప్రయాణం చేశాయి. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు తొలిసారి 1852లో వెలువడింది. దాన్ని పెంచి, సవరించి 1903లో రెండో కూర్పు తెచ్చారు. ఆ సవరణ చేసినవారిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. అప్పటికి ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పక్షి సంపుటాలు పూర్తయ్యాయి. దాంతో రెండో కూర్పులో చాలా పిట్టల పేర్ల పక్కన ఆ సంపుటాల్లోని శాస్త్రీయ నామాలు వచ్చి చేరాయి. వితంతు వివాహాల కోసం పోరాడిన మనిషి చేతి మీదుగా వెళ్లిన పుస్తకంలో జెముడుకాకి, పిగిలిపిట్ట తమ లాటిన్ పేర్లతో సహా కూర్చుని ఉంటాయి. పాత లైబ్రరీల్లో ఆ పుస్తకం దొరికితే తిరగేసి చూడదగ్గ సంగతి.

పేరు నోట్లో బతికి ఉండడం వల్ల పక్షే దొరికిన సందర్భం ఒకటుంది. జెర్డన్ 1848లో వెలుగులోకి తెచ్చిన ఒక నేలపక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడి సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దాన్ని మళ్లీ కనుక్కున్నారు. పుస్తకాలకది ‘జెర్డన్స్ కోర్సర్’. అక్కడి పల్లెలకు కలివికోడి. శాస్త్రం ఎనిమిది దశాబ్దాలకు పైగా పోగొట్టుకున్నదానికి ఊళ్లో పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఇది పెరటి పక్షి కాదు, కలివి పొదల మధ్య రాత్రిళ్లు తిరిగేది. కానీ పేర్ల విలువ ఏమిటో చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు.

మునగ కొమ్మలో ఇల్లు

మళ్లీ పెరట్లోకి వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ జరిగే నిర్మాణాలు చూస్తే మేస్త్రీలు కూడా ముక్కున వేలేసుకోవాలి.

మిట్టమధ్యాహ్నం ‘టుక్... టుక్... టుక్’మని రాగి బిందె మీద సుత్తి దెబ్బలా ఒకటే తాళంలో మోగేది కంసాలిపిట్ట. పిచ్చుకంత ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రటి బొట్టు. మెత్తటి కర్ర ఉన్న కొమ్మను ముక్కుతో తొలిచి గుండ్రటి గుమ్మం చేసుకుంటుంది. అందుకే పెరటి మునగచెట్టంటే దానికి ఇష్టం. ఎండిన కొమ్మ అసహ్యంగా ఉందని కొట్టించేసే ముందు, దాని అడుగువైపు రూపాయి బిళ్లంత కన్నం ఏమైనా ఉందేమో చూడాలి.

దర్జీపిట్ట పని ఇంకా నాజూకు. వెడల్పాటి ఆకు అంచుల్లో ముక్కుతో బెజ్జాలు చేసి, దూది పీచో సాలెగూటి దారమో దూర్చి, ఆకును సంచిలా కుట్టేస్తుంది. లోపల దూది పరిచి గుడ్లు పెడుతుంది. బతికున్న ఆకు కావడంతో గూడు చెట్టులో చెట్టులా కలిసిపోతుంది. మొక్కకు నీళ్లు పోసే మనిషి కూడా రోజూ పక్కనుంచే వెళ్తూ గమనించకపోవచ్చు. రడ్యార్డ్ కిప్లింగ్ 1894 నాటి ‘జంగిల్ బుక్’లో ముంగిస కథ నడిచేది ఒక బంగళా తోటలోనే. అందులో దర్జీ అనే పిట్ట ఒక పాత్ర.

తేనెపిట్టకు మనిషంటే బెదురు తక్కువ. వసారాలో వేలాడే తీగకో, పందిరి కొసకో సంచిలాంటి గూడు కట్టి, దాని మీద సాలెగూళ్లు, ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు అతికిస్తుంది. చూసేవాళ్లకు చెత్త వేలాడుతున్నట్టు ఉంటుంది. ఊడ్చిపారేసే చీపురు దగ్గర తప్ప ఆ మోసం ఇంకెవరి దగ్గరా విఫలం కాదు.

గిజిగాడు మాత్రం ఈ వసంతపు హడావుడిలో కలవదు. దానికి పచ్చగడ్డి పీచు కావాలి, గింజలు పాలుపోసుకునే పైరు కావాలి. అందుకే వానలు పడ్డాకే దాని నేత మొదలవుతుంది.

పిచ్చుక నేర్పిన పాఠం

పక్షుల గూళ్లు, గుడ్ల వివరాలను దేశవ్యాప్తంగా పోగుచేసిన తొలి పెద్ద పుస్తకాల్లో ఒకటి ఏ.ఓ. హ్యూమ్ ‘నెస్ట్స్ అండ్ ఎగ్స్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’, 1873 నుంచి వచ్చింది. 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఇతనే. ఊరూరా ఉన్న ఉద్యోగులు తమ తోటల్లో, వరండాల్లో చూసినవి రాసి పంపితే వాటిని కూర్చాడు. ఇంకా పెద్ద గ్రంథం కోసం ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలను సిమ్లా ఇంట్లో ఒక నౌకరు చిత్తుకాగితాల కింద బజారులో అమ్మేశాడు. మనసు విరిగిన హ్యూమ్ 60,000కు పైగా పక్షి చర్మాలను, వేలాది గుడ్లను లండన్ మ్యూజియానికి ఇచ్చేసి ఆ వ్యాపకమే వదులుకున్నాడు.

అప్పట్లో పక్షిని చదవడమంటే కాల్చి చేతిలోకి తీసుకోవడమే. ఆ కాలం నుంచి చూసి రాసుకునే కాలానికి దారి మళ్లడం పక్షిశాస్త్రవేత్త సలీం అలీ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. బొంబాయిలో పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన దగ్గర ఎయిర్‌గన్ ఉండేది. గుర్రపుసాల గోడ కంతలో పిచ్చుక జంట గూడు పెట్టింది. బయట కాపలా ఉన్న మగపిచ్చుకను కాల్చాడు. కాసేపటికే ఆడపిచ్చుకకు ఇంకో తోడు వచ్చింది. దాన్నీ కాల్చాడు. వారం రోజుల్లో అలా ఎనిమిది. చేసింది ఘోరమే. అయితే చూసింది చూసినట్టు రాసుకున్నాడు. దశాబ్దాల తర్వాత అదే నోట్సు పిచ్చుకల ప్రవర్తనకు ఆధారంగా అచ్చయింది. ఆ బాలుడే పెద్దయ్యాక 1931–32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే జరిపాడు. తెలంగాణ పక్షుల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ వెనక్కి వెళ్లి చూసే తొలి పద్దు అదే. 1985లో వచ్చిన తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరులోనూ పిచ్చుకే ఉంది.

గోదావరి ఊళ్లలో కొత్త ధాన్యం రాగానే వరికంకులను అందంగా అల్లి కుచ్చులుగా చేసి, చూరుకో గుడి మండపానికో వేలాడదీసేవారు. పిచ్చుకల వాటా అది. పెంకుటింటి చూరు పోయి శ్లాబు వచ్చాక కుచ్చు వేలాడదీసే చోటూ, గూడు పెట్టుకునే కంతా రెండూ పోయాయి. అలాగని పిచ్చుకలు దేశమంతటా అంతరించిపోతున్నాయన్న మాటా నిజం కాదు. 2020లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం పాతికేళ్లలో వాటి సంఖ్య దేశం మొత్తం మీద దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది మహానగరాల్లో. ఆ నివేదికకు ఆధారం కూడా వేలాదిమంది మామూలు మనుషులు తమ పరిసరాల్లో చూసి నమోదు చేసిన లెక్కలే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ 1998లో అమెరికాలో మొదలైంది. 2013 నుంచి మనదేశమూ అందులో పాల్గొంటోంది. పావుగంట సేపు పెరట్లో నిలబడి చూసింది రాయడమే అందులో పని.

రాష్ట్రం విడిపోయాక పాలపిట్ట తెలంగాణకు ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా, వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. ప్రభుత్వాలు గుర్తుంచుకున్న పేర్లు ఇవి. గుర్తుంచుకోవాల్సినవి మన వంతుకూ ఉన్నాయి. ఈ వేసవిలో గోడ మీద నీడపట్టున ఒక మట్టి మూకుడు పెట్టి రోజూ నీళ్లు మార్చండి. కోయిల తొలి కూత ఏ రోజు వినబడిందో గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ పక్కనే రాయండి. ఆ మూకుడు మీద వాలిన పిట్టను ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, వాళ్ల ఊళ్లో దాన్నేమనేవారో అడగండి. ఆ పేరు కూడా అక్కడే రాసి పెట్టండి.