తలకు దెబ్బ తగిలితే ఆట ఆపేదెవరు?

రగ్బీ లీగ్ కొత్తగా చూసేవాళ్లకు ఒక దృశ్యం ఓ పట్టాన మింగుడుపడదు. ఒక ఆటగాడు కదలకుండా నేలమీద పడి ఉంటాడు. పది గజాల అవతల బంతి చేతులు మారుతూనే ఉంటుంది. జట్టు ట్రైనర్ నీళ్ల సీసా పట్టుకుని ఆట మధ్యలోకే పరుగెత్తుకొచ్చి అతని పక్కన మోకాళ్లమీద కూర్చుంటాడు. రెఫరీ విజిల్ ఊదడు. ఎందుకు ఊదడో తెలియాలంటే ఈ ఆట పుట్టిన రోజుల్లోకి వెళ్లాలి.

1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్లో, ఉత్తరాది క్లబ్బులు సమావేశమై పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్లు ఆటకోసం పని మానితే పోయే కూలి కట్టివ్వాలన్నది వాళ్ల పట్టుదల. జనం టికెట్ కొని చూడాలంటే ఆట చురుగ్గా సాగాలి. అందుకని 1906లో జట్టును పదిహేను మంది నుంచి పదమూడుకు తగ్గించారు. పట్టుబడినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట కొనసాగించే పద్ధతీ అప్పుడే వచ్చింది. ఆట ఆగకపోవడమే ఈ ఆటకు ప్రాణం.

ఇంకో సంగతి ఉంది. చాలా ఏళ్లపాటు గాయపడినవాడి బదులు మరొకరిని దించే వీలే లేదు. ఒకడు బయటికి పోతే మిగిలేది పన్నెండు మంది. 1958 జూలైలో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన రెండో టెస్టులో బ్రిటన్ కెప్టెన్ అలన్ ప్రెస్కాట్‌కు మొదటి నిమిషాల్లోనే చెయ్యి విరిగింది. ఆ విరిగిన చేత్తోనే చివరిదాకా ఆడాడు. 25-18తో బ్రిటన్ గెలిచింది. ఆ ధైర్యాన్ని నేనూ తక్కువ చేయను. కానీ అది కొంత లెక్కలోంచి పుట్టిన ధైర్యం: తాను వెళ్లిపోతే జట్టు ఓడిపోతుంది.

బదులు ఆటగాళ్లు 1960లలో వచ్చారు. లెక్క మారినా అలవాటు మారలేదు. 1970 సిడ్నీ గ్రాండ్ ఫైనల్లో సౌత్ సిడ్నీ కెప్టెన్ జాన్ సాట్లర్ దవడ ఆట మొదట్లోనే విరిగింది. తనకు దెబ్బ తగిలిందని ఎదుటివాళ్లకు తెలియకుండా నిలబెట్టి పట్టుకోమని తోటివాళ్లను అడిగి, ఆట ముగిసేదాకా మైదానంలోనే ఉన్నాడు. జట్టు 23-12తో నెగ్గింది. ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. చెయ్యి విరిగినవాడికి చెయ్యి విరిగిందని తెలుస్తుంది. నొప్పి ఓర్చుకోవాలా వద్దా అన్నది అతను తేల్చుకోగలడు. మెదడుకు దెబ్బ తగిలినవాడికి ఆ వీలు లేదు, ఎందుకంటే తేల్చుకోవలసిన మెదడే దెబ్బతిని ఉంది. ‘బాగానే ఉన్నాను’ అని అతను అన్నా ఆ మాటను లెక్కలోకి తీసుకోకూడదు.

డేవిడ్ మాడక్స్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1995లో తోటివాళ్లతో కలిసి ప్రకటించిన అధ్యయనం ఈ తేడాను పట్టుకుంది. ఆటగాణ్ని అడగాల్సిన ప్రశ్నలివి: ఇది ఏ మైదానం, ఇప్పుడు మొదటి సగమా రెండోదా, చివరగా స్కోరు చేసిందెవరు, పోయిన వారం ఎవరితో ఆడాం, గెలిచామా? తన పేరు, పుట్టినరోజు టకటకా చెప్పినవాడు కూడా వీటి దగ్గర తడబడతాడు. పాత జ్ఞాపకం చెక్కుచెదరదు, నిన్నమొన్నటిది జారిపోతుంది.

ఆస్ట్రేలియాలోని పెద్ద రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్ఆర్ఎల్‌లో 2014 నుంచి, అనుమానం ఉన్న ఆటగాణ్ని బయటికి తీసుకెళ్లి పదిహేను నిమిషాల్లో పరీక్షించే ఏర్పాటు ఉంది. ఆ సేపు బదులు మనిషి ఆడతాడు, అది జట్టు మార్పుల కోటాలోకి రాదు. స్పృహ తప్పినా, పడేటప్పుడు చేతులు అడ్డుపెట్టుకోకపోయినా, కాళ్లూ చేతులూ బిగుసుకున్నా, లేచి తూలినా ఇక పరీక్షలుండవు, ఆ రోజుకు అతని ఆట అయిపోయినట్టే. పదే పదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే మెదడు జబ్బును ఇద్దరు మాజీ లీగ్ ఆటగాళ్ల మెదళ్లలో గుర్తించామని 2019లో సిడ్నీ పరిశోధకులు ప్రకటించారు. 2022 నాటికి ఏ జట్టుకూ చెందని డాక్టర్ సిడ్నీలోని బంకర్ అనే వీడియో గదిలో కూర్చుని, తెరమీద రీప్లేలు చూసి ఆటగాణ్ని బయటికి రప్పించే అధికారం పొందారు.

మన క్రికెట్ అభిమానులకు కంకషన్ సబ్‌స్టిట్యూట్ (తలకు దెబ్బ తగిలినవాడి బదులు దిగే ఆటగాడు) అంటే 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రాలో జడేజా బదులు వచ్చి మూడు వికెట్లు తీసిన చాహల్ గుర్తొస్తాడు. క్రికెట్‌లో ఆ ఏర్పాటు 2019లో వచ్చింది, ఎన్ఆర్ఎల్‌లో అలాంటి అదనపు బదులుగా పద్దెనిమిదో ఆటగాడు 2021లో. అయితే క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఆట దానంతటదే ఆగుతుంది. రగ్బీ లీగ్‌లో ఎవరో ఒకరు ఆపాలి.

ఆపితే దొంగనొప్పులు మొదలవుతాయన్నది రెఫరీల పాత భయం. అలసిన జట్టు ఊపిరి పీల్చుకోవడానికి ఒకడు పడిపోతాడు. అది ఉత్త భయమేం కాదు. 2021లో దానికీ విరుగుడు పెట్టారు: ట్రైనర్ ఆట ఆపమంటే, ఆ ఆటగాడు కనీసం రెండు నిమిషాలు బయట ఉండాలి. ఇక సాకేముంది? పడేటప్పుడు చేతులు అడ్డుపెట్టుకోకుండా వాలిపోయినవాణ్ని చూడగానే రెఫరీ విజిల్ ఊదాలి, బంతి ట్రై లైన్‌కు (స్కోరు చేసే గీతకు) అడుగు దూరంలో ఉన్నా సరే. ఆపిన క్షణంలో బంతి ఎవరిదో వాళ్ల చేతికే ఇచ్చి, అదే టాకిల్ లెక్కతో మొదలుపెడితే ఎవరికీ అన్యాయం జరగదు.

బంకర్, డాక్టర్, రీప్లే ఇవన్నీ పెద్ద లీగులకే. శనివారం ఉదయం పిల్లలు ఆడుకునే మైదానంలో ఉండేది ఒక రెఫరీ, అంచున నిలబడ్డ తల్లిదండ్రులు. 2011లో ఉత్తర ఐర్లండ్‌లో ఒక బడి రగ్బీ యూనియన్ (లీగ్ విడిపోయి వచ్చిన పాత రగ్బీ) మ్యాచ్‌లో పద్నాలుగేళ్ల కుర్రాడు తలకు దెబ్బ తగిలాక కూడా ఆడుతూ పోయి, కుప్పకూలి చనిపోయాడు. మొదటి దెబ్బ మానకముందే మరో దెబ్బ తగలడమే కారణమని విచారణలో తేలింది. ఆ రెండు దెబ్బల మధ్య ఆట సాగుతూనే ఉంది.