"స" పలికే తీరు: మగాడి గొంతు మీద నిఘా

"వాడి మాట చూడు, ఆడంగి మాట." కాలేజీలో ఇది వినని విద్యార్థి ఉండడు. మగాడి ఉచ్చారణ వింటే చాలు, అతను ఎవర్ని ప్రేమిస్తాడో చెప్పేయొచ్చన్న ధీమా మనకొక్కళ్లకే లేదు. అమెరికాలో దీన్ని మీటర్లు పెట్టి కొలిచారు.

1973 దాకా అక్కడి మానసిక వైద్యుల సంఘం లెక్కలో స్వలింగ ప్రేమ ఒక జబ్బు. జాబితాలోంచి తీసేశారు గానీ గొంతు మీద అనుమానం పోలేదు. 1975లో రాబిన్ లేకాఫ్ ఆడవాళ్ల భాష మీద పుస్తకం రాస్తూ, ఆ లక్షణాలు గే పురుషుల్లోనూ, హిప్పీల్లోనూ, విశ్వవిద్యాలయ మేధావుల్లోనూ ఉంటాయన్నారు. (లెక్చరర్లం మేమూ ఆ లెక్కలోనే!) అధికారపు ఆటలోంచి తప్పుకున్న మగాళ్ల మాట అలా ఉంటుందని ఆమె ఊహ.

ఊహని 1994లో రుడాల్ఫ్ గౌడియో పరీక్షకు పెట్టారు. 8 మంది మగవాళ్లు చదివారు, ఇతరులు విన్నారు. ఎవరు గే అన్నది విన్నవాళ్లు చాలావరకు సరిగానే పట్టారు. అయితే గొంతు హెచ్చుతగ్గుల వల్లే అనుకున్నది కొలతలో నిలబడలేదు. 2003లో టొరంటో పరిశోధకులు 25 మంది గొంతుల్ని వినిపిస్తే శ్రోతల ధీమా ఇంకా పల్చబడింది. గే కాని మగాళ్లని గే అన్నారు, గే అయినవాళ్లని కాదన్నారు.

జనం నోట్లో నలిగే ఇంకో కథ, "గేలకి స పలకదు, నాలుక మందం" అని. మిన్నెసోటాలో బెంజమిన్ మన్సన్ బృందం కొలిస్తే తేలింది దాదాపు తలకిందులు. గేలా వినిపిస్తోందని శ్రోతలన్న మాటలో "స" మరింత పదునుగా ఉంది. ఎగతాళి చేసినవాళ్లకి ఏ శబ్దాన్ని ఎగతాళి చేస్తున్నారో కూడా తెలీదన్నమాట.

నాకు అన్నిటికంటే విలువైనది 2007 నాటి రాబర్ట్ పొడెస్వా వ్యాసం. హీత్ అనే మారుపేరుతో ఒక గే వైద్య విద్యార్థి. స్నేహితులతో విందులో అతని గొంతు పదేపదే సన్నగా పైకి లేస్తుంది, ఎక్కువసేపు అక్కడే ఆడుతుంది. నాన్నతో ఫోన్లో అంత లేదు. రోగి ముందు మరీ తగ్గిపోతుంది. మనిషి అతనే, కంఠమూ అదే. మారింది ఎదుటివాళ్లు.

ఇది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వాడలో ఒక మాట, క్లాసులో ఒక మాట, ఇంటర్వ్యూలో ఇంకో మాట మనం రోజూ మాట్లాడుతున్నదే. "దేశం" అనాల్సిన చోట "దేసం" అంటే ముందు బెంచీల్లో నవ్వు పుడుతుంది. ఆ నవ్వులో కులం ఉంది. అదే పిల్లాడి "స" కాస్త సన్నగా, పదునుగా ఉందనుకోండి, వెనక బెంచీల్లోంచి కూడా నవ్వొస్తుంది. ఆ వెనక బెంచీల్లో మనవాళ్లూ ఉంటారు.

వచ్చే భాగంలో పోలరీ: 1967 దాకా మగవాళ్ల మధ్య ప్రేమని చట్టం నేరమన్న ఇంగ్లండులో, బీబీసీ రేడియో హాస్యంలోకి దూరిన చాటుమాటు భాష.