తల విదిల్చే బండ్లు: ఒక చిన్న చరిత్ర

2006 వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే, చౌటుప్పల్ దాటాక, నా బండి ముందు చక్రం ఉన్నట్టుండి తల అడ్డంగా విదిలించింది. అరవై కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిస్తూ, ఎడమచేయి తీసి హెల్మెట్ అద్దం తుడుచుకుంటున్నాను. వెనుక శ్రీమతి, ఆమె వెనుక కారియర్ మీద సూర్యాపేటలో పెళ్ళికి తీసుకెళ్తున్న సూట్‌కేసు. హ్యాండిల్ నా చేతిలో లేదు, దాని చేతిలోనే నేనున్నాను. అంతా కలిపి మూడు నాలుగు సెకన్లు. ఎలా ఆగామో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ దిగి, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, "నేను బస్సులో వస్తాను, మీరు ఎలాగైనా రండి" అంది. సూర్యాపేట దాకా ఆ బస్సు వెనకాలే నలభై వేగంతో వెళ్ళాను.

బండి ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. తప్పు దానిది కాదని తర్వాత తేలింది.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్ దగ్గర, కొత్తపేటలో ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ దాటాక వచ్చే ఎల్బీనగర్ ఇంకా వేరే పురపాలక సంఘం, 2007లో గాని గ్రేటర్‌లో కలవలేదు. ఆ రెంటినీ కలుపుతూ పోయే దారి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, పూణె నుంచి మచిలీపట్నం దాకా. ఇప్పుడు దాని నంబరు 65. విజయవాడ వెళ్ళినా, చీలి నాగార్జునసాగర్ వెళ్ళినా, ఎల్బీనగర్ కూడలి దాటాల్సిందే. కాబట్టి దూరప్రయాణాల బండ్లకు ముందూ వెనకా మరమ్మతులు చేసే షెడ్లు ఆ చుట్టుపక్కల సందుల్లో ఉండటం సహజం. వాటిలో మెయిన్‌రోడ్డు మీదున్న ఒక షెడ్డుకు నేను బండి తీసుకెళ్ళాను (పేరు వద్దు). "కోన్ సెట్ పోయింది సార్" అన్నారు. మార్చారు. బిగించారు. మరీ బిగించారు. దాని సంగతి తర్వాత.

బండి షెడ్డులో ఉన్న ఆ వారంలోనే ఈ జబ్బు గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, రెండు చక్రాల మీద మనిషి ఎలా నిలబడుతున్నాడన్న ప్రశ్న మోటారు కంటే పాతది. 1869లో గ్లాస్గోకు చెందిన రాంకిన్ (ఆవిరియంత్రాల పాఠాల్లో మన ఇంజనీరింగ్ విద్యార్థుల్ని ఏడిపించే రాంకినే) అప్పటి వెలాసిపీడ్ల మీద వరుసగా వ్యాసాలు రాశాడు. ఎడమకు తిరగాలంటే ముందు హ్యాండిల్‌ని కాస్త కుడికి తిప్పాలన్న విషయం అందులోనే ఉంది. రోజూ బండి నడిపే వాళ్ళలో చాలామంది నేటికీ ఒప్పుకోని సత్యమిది, వాళ్ళ చేతులు మాత్రం రోజూ చేస్తూనే ఉంటాయి. 1899లో కేంబ్రిడ్జిలో విపుల్, ఫ్రాన్సులో కార్వాలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే సైకిలు కదలికకు సమీకరణాలు రాశారు.

అయితే అవన్నీ సైకిలు నిలబడటం గురించి. మోటారుసైకిలు ఎందుకు ఊగుతుందన్నది వేరే ప్రశ్న. దానికి పద్ధతిగా జవాబు చెప్పినవాడు రాబిన్ షార్ప్ అనే ఇంగ్లీషు పండితుడు, 1971లో. బండికి మూడు రకాల కదలికలున్నాయన్నాడు. మొదటిది పక్కకు ఒరిగిపోవడం, ఇది నెమ్మదిగా జరుగుతుంది, నడిపేవాడు తెలియకుండానే దిద్దుకుంటాడు. రెండోది బండి మొత్తం పాములా మెలికలు తిరగడం, సెకనుకు రెండు మూడు సార్లు, ఎక్కువ వేగంలో. మూడోది హ్యాండిల్ ఒక్కటే గిలకలా కొట్టుకోవడం, సెకనుకు ఆరు నుంచి పది సార్లు. మన మెకానిక్కులు వాబ్లింగ్ అనేది ఈ మూడోదాన్నే అనాలి గాని, వాడుకలో రెంటినీ అదే మాటతో పిలుస్తారు. అక్కడే తిప్పలన్నీ.

హ్యాండిల్ కొట్టుకోవడం లెక్కల్లో కనబడాలంటే టైరు పక్కకు జారే గుణాన్నీ, ఆ జారుడుకు టైరు కాస్త ఆలస్యంగా స్పందించడాన్నీ కలపాలని షార్ప్ చూపించాడు. తర్వాత 1974లో వెనుక చట్రం మెలితిరిగే గుణాన్నీ లెక్కలోకి తెచ్చాడు. ఆఫీసు కుర్చీ చక్రాన్ని వేగంగా తోస్తే అది పటపటా కొట్టుకుంటుంది, చూశారా? ముందు చక్రం కథ ఇంచుమించు అదే. చక్రం తన ఇరుసుగీతకు కాస్త వెనుక నేలను తాకుతుంది కాబట్టే దారిన పడుతుంది, అలా పడే గుణమే అదుపు తప్పితే కొట్టుకుంటుంది.

ఇక్కడ మన దేశంలో అందరికీ తెలిసిన బండి చరిత్ర ఒక ముక్క చెప్పాలి. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు ఇంగ్లండులో కోల్మోర్ కప్ పోటీకి కొత్త బులెట్ నమూనాను దింపారు. వెనుక చక్రాన్ని పైకీ కిందికీ ఊగే చేతికి తగిలించి, రెండు షాకబ్జర్లు పెట్టారు. ఆనాటి బండ్లలో చాలావాటికి వెనుక స్ప్రింగే లేదు. 1949లో అది అమ్మకానికి వచ్చింది. మన సైన్యం కొనడం, 1955లో మద్రాసులో కంపెనీ పెట్టడం, తిరువొత్తియూరులో తయారవడం మీకు తెలిసిన కథే. నార్టన్ వాళ్ళు 1950లో బెల్‌ఫాస్ట్ సోదరులు మెకాండ్లెస్‌ల చేత చేయించిన "పరుపు" చట్రానికీ ఇదే ఊగే చేయి. ఆ చేయి నడుముకు సుఖమిచ్చింది. బదులుగా అరిగిపోయే కీలు ఇంకొకటి ఇచ్చింది. ఈ రెండో సంగతి ప్రచారపత్రాల్లో ఉండదు, గ్రీజు పూయని యజమానుల బండ్లలో ఉంటుంది.

నా బండిలో కూడా అదే.

కోన్ సెట్ మార్చాక వాబ్లింగ్ పోయింది. కానీ ఎల్బీనగర్ కూడలిలో, ఆటోల మధ్య పది కిలోమీటర్ల వేగంలో, బండి తాగినవాడిలా అటూ ఇటూ తడబడేది. హయత్‌నగర్ దాటి ఎనభై తాకిస్తే వెనుకనుంచి పాము లేచేది. ఒక జబ్బు పోయి రెండు వచ్చాయి. చివరికి కొత్తపేట పండ్ల మార్కెట్ వెనుక సందులో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నేను షార్ప్ పేరు ఎత్తేలోపే ఆయన అడిగాడు:

"హ్యాండిల్ గుంజి కొట్టుకున్నదా సారూ, బండే పాము లెక్క పోయిందా?"

నేను కాగితాల మీద వారం రోజులు చదివిన విభజన ఆయన నోట ఒక్క వాక్యంలో వచ్చింది. మొదట అది, ఇప్పుడు ఇది, అన్నాను. "గట్ల చెప్పుండ్రి" అని బండిని డబుల్ స్టాండ్ ఎక్కించాడు.

ఆయన చేసిందంతా వరుసగా రాసుకున్నాను. ముందు టైర్ల గాలి, టైరు అంచు మెట్లుమెట్లుగా అరిగిందా అని అరచేత్తో తడిమి చూడటం. ఇంజను కింద చెక్కపెట్టి ముందు చక్రం గాల్లో ఉంచి, వేలితో హ్యాండిల్‌ని మధ్యనుంచి మెల్లగా తోశాడు. సొంత బరువుకు పక్కకు పడాల్సిన హ్యాండిల్ కదలక నిలబడింది. "టైట్ చేసిండ్రు." నేను దాచిపెట్టుకున్న పాత రేసును చూపితే, తిన్నగా వెళ్ళేటప్పుడు గోళీలు కూర్చునే చోట వరుసగా చిన్న గుంటలు. గుంతల రోడ్డు మీద ప్రతి దెబ్బా అక్కడే పడుతుంది. లోహాల గట్టితనం కొలిచే పరీక్షను 1900లో లోకానికి చూపించిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ కూడా గోళీతో నొక్కి గుంటనే కొలిచాడు. మన రోడ్లు ఆ పరీక్ష ఉచితంగా చేస్తాయి.

తర్వాత వెనుక చక్రం. టైరు పట్టుకుని పక్కకు ఊపాడు. టక్, టక్. చక్రం బేరింగు కాదు, ఊగే చేయి బుష్షు. చివరికి ఒక నూలుదారం తీసి వెనుక టైరుకు రెండుపక్కలా తగిలించి ముందుకు లాగాడు. చైన్ సర్దే చోట గీతలు రెండువైపులా సమానంగానే ఉన్నాయి, అయినా దారం ముందు టైరుకు ఒకవైపు రెండు వేళ్ళు, రెండోవైపు వేలెడు దూరంలో ఉంది. గీతలు అబద్ధమాడుతున్నాయి, దారం ఆడదు.

"గా సూట్‌కేసు ఏడ కట్టిండ్రు?"

కారియర్ చివర, అన్నాను. ఆయన నవ్వలేదు. వెనుక ఇరుసుకు అవతల వేలాడే బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుందనీ, ముందు చక్రం తేలికైతే కొట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుందనీ ఆయన చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు అరిగిన రేసు, వదులైన బుష్షు, వంకర చక్రం, నేను కట్టిన సూట్‌కేసు, తీసిన నా ఎడమచేయి, అన్నీ ఒకచోట కలిశాయి. మొదటి షెడ్డువాళ్ళు వాటిలో ఒకదాన్ని బాగుచేసి, బిగించి, ఇంకొకటి కలిపారు. అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదనీ, హ్యాండిల్‌ని పిడికిట నలపకుండా వదులుగా పట్టుకుని, కాస్త ముందుకు వంగి, యాక్సిలరేటరు మెల్లగా వదలాలనీ ఆయనే చెప్పాడు.

బుష్షు మార్చి, తల బిగువు సడలించి, దారంతో చక్రం సరిచేయడానికి సాయంత్రమైంది. ఆయన తీసుకున్నది మెయిన్‌రోడ్డు షెడ్డు తీసుకున్నదాంట్లో సగం కూడా లేదు.

2011లో కొందరు శాస్త్రవేత్తలు చక్రాల గిరగిర బలం గాని, ముందు చక్రం వెనుకబాటు గాని లేని సైకిలు ఒకటి చేసి, తోస్తే అదీ దానంతటది నిలబడుతుందని చూపించారు. అంటే రాంకిన్ మొదలుపెట్టిన ప్రశ్నకు ఇంకా ఒక్కమాటలో జవాబు లేదు. మేస్త్రీకి ఈ సంగతి చెబుదామని వెళ్ళాను. మెట్రో పనులప్పుడు ఆ సందు ముఖం మారిపోయింది, షెడ్డు లేదు. పండ్ల మార్కెట్ కూడా ఇప్పుడు అక్కడ లేదు, బాటసింగారం వెళ్ళిపోయింది.

శ్రీమతి ఆ దసరాకే బండి ఎక్కింది. సూట్‌కేసు బస్సులో పంపించాక, చిట్యాల దాకా మాత్రమే.