చలిమంట కాడ ఎంగేజ్‌మెంటు ముచ్చట

గా కట్టె జెర లోపటికి నూకు బిడ్డా, పొగొస్తుంది. ఏమంటివి? మీ హోటల్ల ఎంప్లాయీ ఎంగేజ్‌మెంటా? నేను ఎవలదో లగ్గం కుదిరిందనుకున్న!

1988ల హైదరాబాద్‌ల ఒక పెద్ద హోటల్ల సేల్స్‌ల చేరిన. సెల్‌ఫోన్లు యాడియి? చేతక్ బండేసుకొని సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల కంపెనీలు తిరుగుడే. సైబర్ టవర్స్ 1998లనే గద వచ్చింది, అంతకుముందు మాదాపూర్ దిక్కు బండలే. ఈ రాత్రి ఖాళీగున్న రూమును తెల్లారి అమ్ముకునేది లేదు, అది ఇరిగిన పాల లెక్కనే. ఆషాఢం, మూఢాలు వస్తె హాళ్లు బోసిపోయేటివి. గా దినాలల్ల కంపెనీల మీటింగులు పట్టుకరావాలె. అందుకే రేట్ల కాయితం పక్కన పంచాంగం ఉండేది నా టేబుల్ మీద.

ఒకపారి పెండ్లోల్లకు మాటిచ్చిన. ముహూర్తం తెల్లారగట్ల నాలుగున్నరకు, మూడింటికే చాయ, ఉప్మా పెడ్తమని. వంటింటి పెద్ద ఎగిరిండు, "నన్నడగక మాటెట్లిస్తవ్?" అని. నా నోట్ల తడారింది. మా మేనేజర్ మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలే. రెండున్నరకే మఫ్లర్ చుట్టుకొని వచ్చిండు. చాయ డేగిశ కాడ నిలవడి, కప్పులు తనే తుడిశిండు. గా ఇంటోల్ల పెండ్లిళ్లు తర్వాత ఇంకో మూడు మాకే వచ్చినయి. గా మనిషి కోసం ఎండలల్ల ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిన్నో లెక్కలేదు.

ఆయన ట్రాన్స్‌ఫరై పోయిండు. కొత్తాయన వచ్చుడుతోనే గోడకు టార్గెట్ చార్టు, ఎర్రగీతలు. ఆర్నెల్లు తిరిగి నేను తెచ్చిన కాంట్రాక్టును మీటింగుల తన పేరు మీద చెప్పుకున్నడు. నేనేమనలే. మల్లా తెల్లారి తొమ్మిదింటికి టై కట్టుకొనే పోయిన.

విలియం కాన్ అని అమెరికా ప్రొఫెసరు 1990ల రాసిండంటివి గద, మనిషి పనిల మనసు పెడ్తడు, లేకుంటె ఎనుకకు గుంజుకుంటడని. నేను గుంజుకున్నది 1993ల, ఇరానీ హోటల్ల. చాయ తాగుకుంట, కంపెనీలకు పోయినట్టే కాల్ రిపోర్టు రాసేటోన్ని: "పార్టీ ఊర్ల లేడు", "వచ్చే వారం రమ్మన్నరు". ఒకనాడు మతి లేక ఒక్క కంపెనీ పేరే రెండుసార్లు రాసిన. చార్టుల గడులు నిండినయి. ఎవ్వలు అడగలే.

ఏందే, ఫోన్ల గా విజిట్ రిపోర్టు నింపుడు ఆపినవ్?