హాకీ జట్టు ఊరు మారాలంటే ఏం చూస్తారు?

ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో జట్లు ఊరు మారడం అరుదు. 2011లో అట్లాంటా జట్టు విన్నిపెగ్‌కు వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ 2024లోనే అలా జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అరిజోనా కయోటీస్ ఆటగాళ్లను, సిబ్బందిని సాల్ట్ లేక్ సిటీకి తరలించే ఒప్పందానికి లీగ్ ఆమోదం తెలిపింది. ఒప్పందం విలువ 120 కోట్ల డాలర్లు.

ఎందుకు వెళ్లింది?

గ్లెండేల్ అరీనా లీజు ముగియడంతో జట్టు 2022 నుంచి టెంపేలోని యూనివర్సిటీ అరీనాలో ఆడింది. అందులో సీట్లు 5,000 కూడా లేవు. టెంపేలోనే కొత్త అరీనా కడతామంటే 2023 మే 16న జరిగిన ఓటింగ్‌లో సుమారు 56 శాతం మంది వద్దన్నారు. దాంతో కొత్త ఊరి వెతుకులాట ఊపందుకుంది.

చర్చలో వినిపించిన ఊళ్లు

హ్యూస్టన్: అమెరికాలో నాలుగో పెద్ద నగరం. టొయోటా సెంటర్ 2003 నుంచే ఉంది. కానీ అది రాకెట్స్ బాస్కెట్‌బాల్ జట్టు చేతిలో ఉంది. ఆ యాజమాన్యాన్ని కాదని హాకీ జట్టు రావడం కష్టం.

అట్లాంటా: మార్కెట్ పెద్దదే అయినా 1980లో, 2011లో రెండు జట్లను పోగొట్టుకుంది. కొత్త అరీనా ప్రతిపాదనలు మాత్రం తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫోర్సైత్ కౌంటీ, ఆల్ఫారెటా వైపే వచ్చాయి.

క్యూబెక్ సిటీ: 2015 నుంచి 18,000 సీట్ల అరీనా సిద్ధంగా ఉంది. అభిమానులకూ కొదవ లేదు. అయితే ఊరు చిన్నది. పైగా ఆదాయం కెనడా డాలర్లలో వస్తే, ఆటగాళ్ల జీతాలు అమెరికా డాలర్లలో ఇవ్వాలి.

కాన్సాస్ సిటీ: 2007లో అరీనా కట్టారు. అందులో ఎన్‌హెచ్ఎల్ జట్టూ లేదు, ఎన్‌బీఏ జట్టూ లేదు.

సాల్ట్ లేక్ ఎలా గెలిచింది?

1991లో కట్టిన డెల్టా సెంటర్ బాస్కెట్‌బాల్ కోసం ఉద్దేశించినది. హాకీ మైదానం పూర్తిగా కనిపించే సీట్లు మొదటి సీజన్‌లో సుమారు 11,000 మాత్రమే. అయినా జాజ్ జట్టు యజమాని ర్యాన్ స్మిత్ డబ్బుతో, అరీనాతో వెంటనే ముందుకొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వమూ అండగా నిలిచింది. ఊరు ఎంత పెద్దదన్నదానికంటే ఇవే ఎక్కువ పనిచేశాయి.

మనకేంటి సంబంధం?

అరీనా చుట్టుపక్కల అభివృద్ధి కోసం సాల్ట్ లేక్ సిటీలో 2025 జనవరి నుంచి సేల్స్ ట్యాక్స్ అర శాతం పెరిగింది. ఓటు సిటిజన్లకే ఉన్నా, ఈ పన్ను హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ కట్టాల్సిందే. రేపు మీ ఊళ్లోనూ ఇలాంటి ప్రతిపాదన రావచ్చు. అప్పుడు ఈ మూడు విషయాలు కనుక్కోండి: అరీనా ఖర్చులో ప్రజాధనం ఎంత? జట్టు ఎన్నేళ్లు ఉంటానని రాసిచ్చింది? మధ్యలో వెళ్లిపోతే మిగిలిన అప్పు ఎవరు తీర్చాలి?